నాలుగు నిమిషాల పనికి రెడిస్ కావాలా, పోస్ట్‌గ్రెస్ టేబుల్ చాలదా?

కొత్త_కోడర్:
మా జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) సైట్‌లో ఒక కాలేజీకి ఫీజు రసీదులన్నీ ఒకే పీడీఎఫ్‌గా ఇచ్చే బటన్ ఉంది. పని నాలుగు నిమిషాలు. జాంగోని నడిపే సర్వర్ గునికార్న్ 30 సెకన్లకే వర్కర్‌ని (రిక్వెస్ట్‌కి జవాబిచ్చే ప్రాసెస్‌ని) చంపేస్తోందని టైమౌట్ 300 చేశాను. ఇప్పుడు దాని ముందున్న వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ 60 సెకన్లకి 504 (టైమౌట్ ఎర్రర్) ఇస్తోంది. ఉన్నవి మూడే వర్కర్లు. నిన్న అకౌంట్స్ సెక్షన్‌లో ముగ్గురు ఒకేసారి నొక్కారు, సైట్ మొత్తం ఆగిపోయింది. మా లీడ్ సెలెరీ (ఇలాంటి పనుల్ని వెనక విడిగా నడిపే టూల్), దానికి పనుల క్యూ ఉంచడానికి రెడిస్ పెట్టమంటున్నారు. అంత అవసరమా, మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లోనే పనులకో టేబుల్ పెడితే చాలదా?

రాత్రి_డ్యూటీ:
ఆయన చెప్పింది కరెక్టే. రీట్రైలు, షెడ్యూలు అన్నీ తయారుగా ఉంటాయి. సొంతంగా మొదలుపెడితే ఆరు నెలలకి అరకొర సెలెరీ ఒకటి రాసి కూర్చుంటారు.

పాత_డీబీఏ:
రోజుకి పది పీడీఎఫ్‌లకి రెడిస్సా? ఇద్దరు చుట్టాలొస్తే షామియానా వేసినట్టుంది. పోస్ట్‌గ్రెస్ 9.5లో, అంటే 2016లోనే, 'స్కిప్ లాక్డ్' వచ్చింది. జాబులు టేబుల్‌లో వరసలుగా రాస్తే, వెనక పనులు చేసే ఒక వర్కర్ పట్టుకున్న జాబు దగ్గర ఇంకో వర్కర్ ఆగదు, దాటేసి తర్వాతది తీసుకుంటుంది. పైగా రికార్డూ జాబూ ఒకే ట్రాన్సాక్షన్‌లో పడతాయి, అంటే రెండూ కలిసి కమిట్ (ఖాయం) అవుతాయి, లేదా రెండూ కావు. రెడిస్ అయితే కమిట్ కాకముందే వర్కర్ జాబు లాక్కుని, రికార్డు లేదంటూ ఫెయిలయ్యే ప్రమాదం ఉంది.

రాత్రి_డ్యూటీ:
దానికి జాంగోలో 'ఆన్ కమిట్' ఉంది కదండీ, కమిట్ అయ్యాకే జాబు పంపుతుంది.

పాత_డీబీఏ:
ఉంది. కమిట్ అయ్యాక, రెడిస్‌కి పంపేలోపు ప్రాసెస్ చస్తే? జాబు గాల్లో కలిసినట్టే. ఇంకోటి, సెలెరీ మామూలుగా పని మొదలుపెట్టకముందే 'అందింది' అని చెప్పేస్తుంది. మధ్యలో వర్కర్ పోతే ఆ జాబు మళ్లీ రాదు. పని అయ్యాకే 'అందింది' అనేలా ఆ సెట్టింగ్ మార్చారా, రెడిస్‌తో గంట దాటిన జాబు ఇంకో వర్కర్‌కి కూడా వెళ్తుంది.

రాత్రి_డ్యూటీ:
నాలుగు నిమిషాల పనికి గంట లెక్క ఎందుకు సార్? మీ పద్ధతిలో ఆ నాలుగు నిమిషాలూ ట్రాన్సాక్షన్ తెరిచే ఉంచుతారా? పాత వరసల్ని శుభ్రం చేసే వ్యాక్యూమ్ సంగతి? అది అడ్డుపడదా?

పాత_డీబీఏ:
ఇది మాత్రం సరైన ప్రశ్న. తెరిచి ఉంచకూడదు. జాబు తీసుకుని 'నడుస్తోంది' అని టైముతో సహా రాసి వెంటనే కమిట్ చేయాలి. పది నిమిషాలైనా అలాగే ఉంటే వర్కర్ పోయిందనుకుని మళ్లీ క్యూలో వేయాలి. అందుకే రెండుసార్లు నడిచినా నష్టం లేకుండా రాసుకోవాలి. ఈ బాధ సెలెరీలోనూ తప్పదు.

స్క్రీన్_పిల్ల:
అన్నలూ, పీడీఎఫ్ కోసం కూర్చున్న మనిషి సంగతి ఎవరూ అడగట్లేదు. సర్వర్ వెంటనే 202తో ('తీసుకున్నాం, పని ఇంకా అవలేదు' అనే కోడ్‌తో) జాబు ఐడీ ఇస్తే, పేజీ మూడు సెకన్లకోసారి ఎంతవరకు వచ్చిందో అడుగుతుంది. '1,200లో 340 అయ్యాయి' అని కనిపిస్తే మళ్లీ నొక్కరు. ఊరికే తిరిగే చక్రం పెడితే మా అమ్మ కూడా రిఫ్రెష్ కొడుతుంది.

కొత్త_కోడర్:
టేబుల్‌తోనే మొదలుపెడుతున్నా, లీడ్‌ని ఒప్పించాలి. ఒకసారి నొక్కాక బటన్ పనిచేయకుండా మాత్రం ఇవాళే పెట్టేశాను. అకౌంట్స్ వాళ్ల ఫోన్లు కాస్త తగ్గాయి.