నాన్న కన్ను పోయి ఎనిమిది రోజులు. మెడకి స్కానింగ్ ఎందుకు?

పలాస కుర్రాడు:
మాది పలాస పక్క ఊరు. నాన్నకు 63, జీడి ఫ్యాక్టరీలో కాటా దగ్గర పని. పోయిన సోమవారం బస్తాల తూకం రాస్తుంటే కుడి కన్ను మసకేసి, నిమిషంలో చీకటైపోయింది. నొప్పి లేదు, ఎరుపు లేదు. జీడిపిక్కల చమురు చిందిందేమో అనుకుని అరగంట కుళాయి కింద కడిగారట. దగ్గర్లో ఒక డాక్టరు చుక్కలమందు రాసి వారం తర్వాత రమ్మన్నారు. మనసాగక శుక్రవారం విశాఖ తీసుకెళ్ళాను. సెంట్రల్ రెటినల్ ఆర్టరీ అక్లూజన్ అన్నారు, అంటే కంటి వెనక తెరకు (రెటీనాకు) రక్తం తెచ్చే ధమని మూసుకుపోయిందట. ఫొటోలో రెటీనా అంతా తెల్లగా పాలిపోయి, నడిమిన ఒక్క ఎర్రచుక్క. ఇప్పుడు మొహం ముందు చెయ్యి ఊపితే నీడలా తెలుస్తుందంతే.

కంటికి ఏ మందూ రాయలేదు! రాసింది ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మందు అటోర్వాస్టాటిన్, మెడకు డాప్లర్ స్కానింగ్, గుండెకు ఎకో స్కానింగ్, ఈఎస్ఆర్, సీఆర్పీ అనే రక్త పరీక్షలు. మా బావేమో వాళ్ళ పిన్నికి కంట్లో ఇంజక్షన్లు వేస్తే చూపు వచ్చిందంటాడు. హైదరాబాద్ తీసుకెళ్ళనా? నాన్న "కన్ను పోతే మెడకి స్కానింగేటిరా, డబ్బు దండగ" అని కదలట్లేదు.

కంటి వార్డు అక్క, శ్రీకాకుళం:
డాక్టర్ని కాదు, పద్నాలుగేళ్ళుగా నర్సుని. ముందు మీ నాన్నగారి ప్రశ్నకే జవాబు చెప్తాను తమ్ముడూ, అసలు విషయం అదే. మెడలోంచి మెదడుకు వెళ్ళే కెరోటిడ్ ధమని నుంచే కంటి నాళం చీలుతుంది. ఆ గోడకు పట్టిన కొవ్వు ముక్క ఊడినా, గుండెలో కట్టిన గడ్డ కదిలినా పైకి కొట్టుకుపోతుంది. కంట్లోకి మళ్ళితే కన్ను, మెదడులోకి మళ్ళితే కాలూ చెయ్యీ. పక్షవాతం భయం తొలి వారాల్లోనే ఎక్కువ. మీరిప్పుడు ఆ వారాల్లోనే ఉన్నారు.

రక్తం ఆగితే రెటీనా గంటల్లోనే చచ్చిపోతుంది. కనుగుడ్డు నొక్కి వదలడం, సూదితో కంటి ముందు గదిలో నీరు తీయడం, డయామాక్స్ మందు, అన్నీ కంటి ఒత్తిడి తగ్గించి గడ్డను జరపాలని చేసేవే. మేమూ చేశాం. చూపు తిరిగొచ్చినాయన నాకు ఒక్కరే గుర్తు, ఆయన గంటలోపే వచ్చారు. గడ్డ కరిగించే ఇంజక్షన్ కొన్నిచోట్ల 4.5 గంటల్లోపు ఇస్తారు. ఆక్సిజన్ చాంబర్ కూడా తొలి గంటల ముచ్చటే. ఎనిమిదో రోజున హైదరాబాద్ వెళ్తే బస్సు చార్జీలే.

ఇంకోటి. అన్నం నములుతుంటే దవడ లాగుతోందా? తల దువ్వితే నొప్పా? 50 దాటినవాళ్ళకు నాళాల వాపు జబ్బు ఒకటుంది, ఈఎస్ఆర్ రాసింది దానికే. అది ఉంటే ఈపాటికే స్టెరాయిడ్ మొదలవ్వాలి, లేదంటే రెండో కన్నూ పోవచ్చు.

బొబ్బిలి కోడలు:
మా అత్తకూ "కంట్లో బ్లాక్" అనే చెప్పారు. కాగితం తీసి చూస్తే "వెయిన్" అని ఉంది, అంటే సిర. రెటీనాలో నీరు చేరిందని ఇంజక్షన్లు వేశారు, నెలనెలా. మీ బావ వాళ్ళ పిన్నిదీ అదే అయ్యుంటుంది.

కంటి వార్డు అక్క:
బాగా చెప్పారు. ధమని కేసులో ఆ ఇంజక్షనో లేజరో ఎప్పుడంటే, కొన్ని వారాలకు పిచ్చి నాళాలు మొలిచినప్పుడు. ఊరుకుంటే కంట్లో ప్రెషర్ పెరిగి విపరీతమైన నొప్పి. చూపు రాదు కదా అని చెకప్ మానొద్దు.

పలాస కుర్రాడు:
దవడ నొప్పి లేదట. కానీ అడిగితే ఇప్పుడు చెప్తున్నారు, పోయిన నెలలో రెండుసార్లు అదే కన్ను ఐదు నిమిషాలు చీకటై మళ్ళీ వచ్చిందట. ఎండ అనుకున్నారట! మాది కిడ్నీ జబ్బుల ఉద్దానం కదక్కా, నాన్నకు కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ 2.1, ఎక్కువే. స్కానింగ్‌కు రంగు మందు ఎక్కిస్తారా?

కంటి వార్డు అక్క:
డాప్లర్ అంటే కడుపుకు తీసే స్కానింగ్ లాంటిదే, జెల్ రాసి తీస్తారు, రంగు మందు ఉండదు. తర్వాత సీటీ యాంజియో (రంగు మందు ఎక్కించి నాళాలకు తీసే స్కాన్) అంటే మాత్రం 2.1 సంగతి ముందే చెప్పండి. ఆ ఐదు నిమిషాల చీకటి కూడా చెప్పండి. ఈలోగా మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యి పడిపోయినా ఆలోచించకుండా 108.

పలాస కుర్రాడు:
డాప్లర్ అయింది. మెడలో కుడివైపు 80 శాతం పూడిక. ఎల్లుండి విశాఖలో వాస్కులర్ సర్జన్‌ని, అంటే రక్తనాళాల డాక్టర్ని కలుస్తాం. నాన్న వస్తానన్నారు. బస్సులో ఎడమ పక్క కిటికీ సీటే కావాలట.