డయాలసిస్‌కు తిరుగుతున్న కుటుంబం, పైగా ఊళ్ళో ఎగతాళి: ఏ వాక్యం, ఏ వరసలో చదవాలి?

కవిటి గృహకూడిక:

అందరికీ వందనాలు. ఉద్దానంలో మా కూడికకు వచ్చే ఒక కుటుంబం గురించి అడుగుతున్నాను. ఇంటి పెద్దాయనకు కిడ్నీలు పాడయ్యాయి. సోమ, బుధ, శుక్రవారాలు పలాస తీసుకెళ్ళి డయాలసిస్ చేయిస్తున్నారు. కొడుకు పని మానుకుని వెంట తిరుగుతున్నాడు. ఈమధ్యే ప్రభువును నమ్ముకున్నవాళ్ళు. రచ్చబండ దగ్గర "మీ దేవుడు ఏటి సేసినాడు? సూది మానిపించినాడా?" అని నవ్వుతున్నారు. చుట్టాలు పెళ్ళిళ్ళకు పిలవడం మానేశారు. కోడలు కుళాయి దగ్గరకు వెళ్ళాలంటే జంకుతోంది.

బుధవారం రాత్రి వాళ్ళింట్లో కూడిక పెడుతున్నాం. వాగ్దాన వాక్యాలు చదివి ప్రార్థన చేస్తాం. పెద్దాయన తలొంచుకుని వింటారు, ఒక్క మాటా అనరు. చూపు మందగించింది, సొంతంగా చదువుకోలేరు. ఏ భాగంతో మొదలుపెట్టాలి, ఏది ముందు, ఏది వెనక, ఎంతసేపు? నవ్వేవాళ్ళకు ఏం చెప్పమనాలి? "ధైర్యంగా ఉండండి" అని సరిపెట్టకుండా అధ్యాయం, వచనం పట్టుకుని చెప్పండి.

వంశధార ఒడ్డు:

వందనాలు బ్రదర్. వాగ్దానాలను కొన్ని వారాలు పక్కన పెట్టి, మొర కీర్తనలు ఎత్తుకోండి. నోట మాట రాని మనిషికి ముందు మొరపెట్టుకునే మాట అందివ్వాలి. ఆ పని చేయకుండా "యెహోవా నా కాపరి" అనే 23వ కీర్తన చదివితే, తన లోపల ఉన్నది ఈ ఇంట్లో పైకి అనకూడదేమో అనుకుని ఆయన ఇంకా బిగుసుకుపోతారు.

మొదటి వారం 13వ కీర్తన. మొత్తం ఆరు వచనాలే. 1, 2 వచనాల్లో ఎంతకాలం, ఎంతవరకు అని నాలుగుసార్లు దేవుణ్ణే నిలదీస్తాడు దావీదు. 3, 4లో విన్నపం. అందులోనే నేను పడిపోతే నా విరోధులు సంతోషిస్తారేమోనన్న భయం ఉంది, అంటే రచ్చబండ భయమే. 5, 6లో నమ్మిక. మొదటిసారి చదివేటప్పుడు 2వ వచనం దగ్గర ఆగిపోండి. అర నిమిషం ఎవరూ ఏమీ అనొద్దు. తర్వాత మళ్ళీ మొదటినుంచి చివరిదాకా చదవండి. వ్యాఖ్యానం వద్దు. చాలా కూడికల్లో 5వ వచనానికి పరుగెత్తడం వల్లే కీర్తన ఆదరణ ఇవ్వకుండా పోతోంది. ఆరు వచనాల్లో నాలుగు బాధకే ఇచ్చాడు, మనమెందుకు తొందరపడాలి?

రెండోవారం 42, 43 కలిపి. పల్లవి ఒకటే, 42:5, 42:11, 43:5 దగ్గర మూడుసార్లు వస్తుంది, కాబట్టి ఒకే పాటగా చదవండి. "నీ దేవుడు ఏమాయెను" అన్న ఎకసెక్కెం ఇందులో రెండు చోట్ల ఉంది, 3లో, 10లో. మీ ఊళ్ళో అంటున్న మాట అచ్చంగా అదే. మనల్ని అన్నమాటే పరిశుద్ధ గ్రంథంలో రాసి ఉందని వినడంలోనే సగం ఊరట ఉంది. కోడలి చేత ఆ పల్లవి చదివించండి. ఒక్క జాగ్రత్త: ఈ కీర్తన నీళ్ళ కోసం ఆశపడే దుప్పి దప్పికతో మొదలవుతుంది. డయాలసిస్‌లో ఉన్నవాళ్ళకు నీళ్ళు కొలిచి ఇస్తారు, దాహం వాళ్ళకు రోజూ ఉండే యాతన. "ఇది ఆత్మీయ దాహం" అని వెంటనే వివరించకండి. నాలుక పిడచకట్టుకుపోయిన మనిషి ఆ దుప్పి మాట మనకంటే బాగా అందుకుంటాడు.

మూడోవారం 69. ఎగతాళి మీద ఇంతకంటే సూటిగా మాట్లాడే కీర్తన లేదు. గుమ్మాల దగ్గర కూర్చునేవాళ్ళు నన్ను గురించి మాట్లాడుకుంటున్నారు, తాగుబోతులు నా మీద పాటలు కడుతున్నారు అని 12వ వచనం. ఆ కాలంలో ఊరి గుమ్మం అంటే పెద్దలు కూర్చునే చోటు, మన రచ్చబండ. చేదు, చిరక (పులిసిన ద్రాక్షరసం) ఇచ్చిన 21వ వచనం సిలువ దగ్గర మళ్ళీ కనిపిస్తుంది, 9వ వచనాన్ని పౌలు రోమా 15:3లో క్రీస్తుకే అన్వయించాడు. కాబట్టి 69 చదివిన రోజే మత్తయి 27:39-44 కూడా చదవండి. దారిన పోయేవాళ్ళు, యాజకులూ పెద్దలూ, పక్కన వేలాడుతున్న దొంగలు, మూడు రకాలవాళ్ళూ ఆయన్ని నవ్వారు. "వీడు ఇతరులను రక్షించెను, తన్ను తానే రక్షించుకొనలేడు" అన్నారు. సూది మానిపించినాడా అన్నదానికీ దీనికీ తేడా ఏముంది? ఆ ప్రశ్నను ఆయన తన ఒంటి మీద మోశాడు. పెద్దాయనకు నేనైతే దీన్నే మిగతా అన్నిటికంటే ఎక్కువసార్లు చదివి వినిపిస్తాను.

69లో 22 నుంచి 28 దాకా శాపాలున్నాయి. గుట్టుగా దాటేయకండి, కొడుక్కి ఆ కోపం ఉండే ఉంటుంది. పగ దేవుని చేతిలో పెట్టేస్తున్నామని రోమా 12:19తో కలిపి చెప్పండి. ప్రార్థనలో మాత్రం నవ్విన వాళ్ళ పేర్లు ఎత్తొద్దు, మైకు ఉన్నప్పుడు అసలే వద్దు. మూడో ఇంటికి వినబడి మర్నాటికి తగువవుతుంది. ఆ తర్వాత వాక్యం ఎవరి చెవికీ ఎక్కదు.

88వ కీర్తనను వేరుగా ఉంచుకోండి. అది చీకటిలోనే ముగుస్తుంది, ఎక్కడా మలుపు లేదు. రిపోర్టు బాగా లేదన్న రోజు దాన్ని చదివి, ఇంకేం కలపకుండా ముగించండి.

వాగ్దానాలకు అయిదో వారం రండి. యిర్మీయా 29:11 అందరికీ నోటికి వచ్చు, దాని ముందున్న 10వ వచనంలోని 70 ఏళ్ళు మాత్రం ఎవరికీ గుర్తుండదు. అది బబులోను చెరలో ఉన్నవాళ్ళకు యిర్మీయా పంపిన ఉత్తరం. దాన్ని విన్న పెద్దవాళ్ళలో చాలామంది తిరిగి రావడం చూడకుండానే పోయి ఉంటారు. దాన్ని స్వస్థతకు గడువులా చెబితే గడువు దాటిన రోజున వాక్యమే అబద్ధమనిపిస్తుంది. 5 నుంచి 7 దాకా చదవండి: ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయండి, మీరున్న ఊరి క్షేమం కోసం ప్రార్థించండి. జీడి, కొబ్బరి తోటల మధ్య బతికేవాళ్ళకు ఇది ఇట్టే అర్థమవుతుంది. డయాలసిస్ లేని రోజుల్లో కొడుకు పనిలోకి వెళ్ళడం, ఆగిపోయిన సంబంధం మళ్ళీ కదపడం, ఇవే ఆ నిరీక్షణకు చేతులూ కాళ్ళూ.

కూడిక మొత్తం అరగంట మించొద్దు.

పలాస సిస్టర్:

వందనాలు. పైన చెప్పినదానికి ఆస్పత్రి వైపు నుంచి కొన్ని కలుపుతాను. ఇవి తప్పితే వాక్యం చదివిన మేలు కూడా పోతుంది.

ముందు రోజు మార్చండి. బుధవారం డయాలసిస్ అయి వచ్చిన మనిషిని ఆ రాత్రే కూర్చోబెడుతున్నారు. నాలుగు గంటలు మిషను మీద ఉన్నాక బీపీ పడిపోయి, పిక్కలు పట్టేసి, ఒళ్ళు పీల్చేసినట్టుంటుంది. ఆయన మౌనంలో సగం నీరసమే అయ్యుండొచ్చు. మంగళవారం గానీ గురువారం గానీ సాయంత్రం పెట్టుకోండి. 1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త చచ్చిపోతానన్నప్పుడు దేవదూత బోధ చేయలేదు. పడుకోనిచ్చి, కాల్చిన అప్పం, నీళ్ళు ఇచ్చి, మళ్ళీ పడుకోనిచ్చి, రెండోసారి తినిపించాడు. దేవుడు మాట్లాడింది ఆ తర్వాతే.

పరామర్శకు వెళ్ళేవాళ్ళు కొబ్బరి బొండాలు, అరటిపళ్ళు పట్టుకెళ్ళడం మన వైపు అలవాటు. వాటిలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు దాన్ని బయటకు పంపలేవు, రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది. కూడికలో అందరికీ చెప్పండి. టీ పోసినా ఆయన రోజు లెక్కలోకే వస్తుంది, ఇంట్లోవాళ్ళను అడిగి పోయండి. ఉప్పు, ఊరగాయ పెడితే దాహం ఇంకా పెరుగుతుంది. ఉపవాస ప్రార్థన మిగతావాళ్ళు చేయండి. ఆయన్ని భోజనం, మందులు మానమని ఎవరూ అనకూడదు.

చేతులుంచి ప్రార్థించేటప్పుడు ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చెయ్యి పట్టుకోకండి, నొక్కకండి. ఆ చేతికి ప్రార్థన చేసిన రుమాలు బిగించి కట్టడం అసలు వద్దు, రక్తం ఆగి ఫిస్టులా మూసుకుపోవచ్చు. భుజం మీదో తల మీదో చెయ్యి పెట్టండి.

ఇక సాక్ష్యాల సంగతి. ప్రతి డయాలసిస్ తర్వాతా క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టాల్సిన రక్తంలోని వ్యర్థం) తగ్గుతుంది, తర్వాతి సెషన్ నాటికి మళ్ళీ పెరుగుతుంది. మిషను చేసే పనే అది. తగ్గిన రిపోర్టు చూపించి "దేవుడు కిడ్నీలు బాగుచేశాడు" అని మందిరంలో సాక్ష్యం చెప్పిస్తే, మరుసటి వారం పెరిగిన రిపోర్టు ఊరందరికీ తెలుస్తుంది. ఎగతాళికి మనమే మేత వేసినట్టవుతుంది. అంతకంటే ప్రమాదం, బాగైపోయిందనుకుని సెషన్ మానేయడం. నీరు ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం వస్తుంది, పొటాషియం ఎక్కి ప్రాణం మీదకు వస్తుంది.

మిషను మీద ఉన్న నాలుగు గంటలు వాక్యం వినడానికి మంచి సమయం. ఆడియో బైబిలు ఇంటి దగ్గరే ఫోన్లోకి దించుకోండి, అక్కడ సిగ్నల్ మీద ఆధారపడొద్దు. ఒక్క చెవికే ఇయర్‌ఫోను, రెండో చెవి నర్సు మాటకు ఖాళీగా ఉండాలి. మార్కు సువార్త మొదటినుంచి చివరిదాకా ఒక్క సెషన్‌లో అయిపోతుంది. మొదటి రెండు గంటలు వినిపించండి, ఆ తర్వాత నీరసం వచ్చి కునుకు పడితే ఆపేయండి.

బొబ్బిలి సండేస్కూలు:

ఎగతాళి గురించి. ముందు 1 పేతురు 4:14-16 జాగ్రత్తగా విడదీయాలి. క్రీస్తు నామం కోసం నింద పడితే ధన్యులు అంటాడు. ఆ వెంటనే 15లో నరహంతకుడు, దొంగ అంటూ "పరులజోలికి పోవువాడు" అని కూడా కలిపాడు. అంటే పండగకు చందా అడగవచ్చినవాళ్ళతో వాదులాట పెట్టుకునో, ఇంటి ముందు రాత్రి పదింటి దాకా మైకు పెట్టో తెచ్చుకున్న మాటలను క్రీస్తు శ్రమ ఖాతాలో వేయకూడదు. అవి ఉంటే సర్దుకోవాలి. మిగిలినదే నింద.

దానికి నెహెమ్యా 4 తెరవండి. నెహెమ్యా యెరూషలేము గోడ తిరిగి కట్టిస్తుంటే, విరోధి టోబీయా ఆ గోడ మీదికి నక్క ఎక్కినా కూలిపోతుందని నవ్వాడు. నెహెమ్యా టోబీయాకు జవాబు చెప్పలేదు. 4, 5 వచనాల్లో ఆ మాటను దేవునికి చెప్పుకున్నాడు, 6లో గోడ సగం ఎత్తు లేచింది, 9లో ప్రార్థన చేసి, కాపలా కూడా పెట్టాడు. 6వ అధ్యాయంలో మాట్లాడుకుందాం రమ్మని విరోధులు నాలుగుసార్లు కబురు పెడితే నాలుగుసార్లూ పని విడిచి రానన్నాడు. గోడ 52 రోజుల్లో పూర్తయింది. కొడుక్కి ఇది చెప్పండి: రచ్చబండ దాకా వెళ్ళి గెలవక్కర్లేదు. నాన్నను టైముకి పలాస చేర్చడమే అతను కట్టే గోడ.

కోడలికి 1 సమూయేలు 1. పిల్లలు లేరని సవతి పెనిన్నా ఏటేటా పొడుస్తుంటే హన్నా తిండి మానేసి ఏడ్చింది, మందిరంలో యాజకుడే ఆమె తాగి వచ్చిందనుకున్నాడు. కానీ 18వ వచనం చూడండి. కొడుకు పుట్టకముందే, గర్భం రాకముందే ఆమె భోంచేసింది, ముఖంలో దుఃఖం పోయింది. అడిగినది తప్పక దొరుకుతుందన్న హామీగా దీన్ని వాడొద్దు, 18 దగ్గర ఆపండి. కొన్నాళ్ళు కుళాయి దగ్గరకు కూడికలో ఒక అక్క తోడు వెళ్తే ఆ వచనం ఆమెకు ఇంకా బాగా అర్థమవుతుంది.

కవిటి గృహకూడిక:

అందరికీ కృతజ్ఞతలు. కూడిక గురువారానికి మారుస్తాం. ఒక్కటి మిగిలింది. నవ్వేవాళ్ళకంటే ఎక్కువ గుచ్చుతున్నది "ఏదో పాపం చేసుంటారు, అందుకే" అన్న మాట. బయటివాళ్ళూ అంటున్నారు, మనవాళ్ళలోనూ ఒకరిద్దరు అంటున్నారు.

బొబ్బిలి సండేస్కూలు:

దానికి యోహాను 9:1-3. "ఎవడు పాపము చేసెను? వీడా, వీని కన్నవారా?" అని పుట్టుగుడ్డివాణ్ణి చూసి అడిగింది శిష్యులే. యేసు రెండూ కాదన్నాడు. ఉద్దానంలో ఈ జబ్బు గుడికి వెళ్ళేవాళ్ళకూ వచ్చింది, మందిరానికి వెళ్ళేవాళ్ళకూ వచ్చింది. ఇన్నేళ్ళుగా పరిశోధిస్తున్నా కారణం ఇదీ అని తేలలేదు. డాక్టర్లే చెప్పలేనిది మనం పాపమని ఎలా తేలుస్తాం? మనవాళ్ళలో అన్నవాళ్ళకు యోబు చూపించండి. స్నేహితులు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నోరెత్తకుండా బాధలో ఉన్న యోబు పక్కన కూర్చున్నారు, 2:13. అంతవరకు బాగానే చేశారు. నోరు తెరిచి పాపం వెతకడం మొదలుపెట్టాకే చెడింది. 42:7లో దేవుడు వాళ్ళ మీద కోపించాడు, యోబు మీద కాదు. అదీ కూడికలో అందరి ముందూ చెప్పకండి, అన్న మనిషి ఇంటికి వెళ్ళి చెప్పండి.

బయటివాళ్ళకు 1 పేతురు 3:15 చెప్పినట్టు సాత్వికంగా ఒక్క మాట చాలు. "ఊరందరికీ వచ్చినట్టే మాకూ వచ్చింది బావూ. ఆస్పత్రికీ ఎల్తన్నాం, ప్రార్థనా సేసుకుంతన్నాం." అనేసి నడిచిపోవాలి. రెండో మాటకు ఆగితే వాదన అవుతుంది.

వంశధార ఒడ్డు:

ఇంకో మాట. ఆరేడు వారాల తర్వాత ఏది మళ్ళీ చదవమంటారని పెద్దాయన్నే అడగండి. ఆయన 88 అంటే 88 చదవండి. దాని బదులు 23 చదవొద్దు.