కాసాండ్రా డేటాబేస్‌లో అసలు లేని రోకి (వరుసకి) కూడా "ఇఫ్ రైడర్ = నల్" నిజమవుతోంది

హైదరాబాద్‌లో మూడు నోడ్‌ల (సర్వర్ల) కాసాండ్రా 4.1 క్లస్టర్, రెప్లికేషన్ ఫ్యాక్టర్ 3 (ప్రతి డేటాకీ మూడు కాపీలు). ఆర్డర్ల టేబుల్‌లో రైడర్ కాలమ్ ఖాళీగా ఉంటేనే నింపేలా అప్‌డేట్‌కి "ఇఫ్ రైడర్ = నల్" (నల్ అంటే ఖాళీ) అని షరతు పెట్టాం. ఆర్డర్ రద్దయి రో డిలీట్ అయ్యాక అదే అప్‌డేట్ ఆలస్యంగా వస్తే 'అప్లైడ్' ట్రూ (షరతు నెగ్గింది, అప్‌డేట్ జరిగింది) అంటోంది. ప్రైమరీ కీ (రోని గుర్తించే కాలమ్), రైడర్ తప్ప ఇంకేమీ లేని దెయ్యం రో పుడుతోంది.

దాని బదులు "ఇఫ్ ఎగ్జిస్ట్స్" (రో ఉంటేనే) పెడితే దెయ్యాలు పోయాయి గానీ, ఒకరికిచ్చిన ఆర్డర్ ఇంకొకరికీ వెళ్తోంది. రెండూ కలిపితే సింటాక్స్ ఎర్రర్. కీ కాలమ్‌ని ఇఫ్‌లోకి రానివ్వదు. షరతుని ఒక్క డేటాసెంటర్‌లోనే సరిచూసే లోకల్ సీరియల్ బదులు అన్నిటిలో సరిచూసే సీరియల్ పెట్టినా అంతే (డేటాసెంటర్ ఒక్కటే కదా, పెద్దగా ఆశ లేదు). ముందు సెలెక్ట్‌తో రో ఉందో లేదో చూద్దామంటే ఆ సందులో డిలీట్ దూరుతుంది. మిగతా కాలమ్‌లన్నీ ఆప్షనల్, ఏదైనా నల్ కావచ్చు.

పాత రోలన్నిటికీ కొత్త స్టేటస్ కాలమ్ నింపకుండా, "రో ఉంది, రైడర్ మాత్రం నల్" అన్నది ఒకే అప్‌డేట్‌లో తేల్చే షరతు ఏదైనా ఉందా?