తత్త్వమసిలో 'తత్' ఎవరు?

రాయగడ: పెద్దలకు నమస్కారం. తత్త్వమసి అంటే 'అది నీవే' అనే కదా చిన్నప్పటి నుంచీ చదువుకున్నాం. ఈమధ్య ఒక ఇంగ్లీషు అనువాదంలో 'నువ్వున్నదీ ఆ తీరునే' అన్న అర్థం కనిపించింది. పొరపాటా? రాతలో త ఒత్తు ఉండాలా, వద్దా?

పర్లాకిమిడి: ముందు రాత సంగతి. తత్ + త్వమ్ + అసి. తకారానికి త ఒత్తు, వ ఒత్తు రెండూ పడాలి; 'తత్వమసి' తప్పు.

అనువాదం పొరపాటు కాదమ్మా, తెలిసి చేసిందే. ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో 8వ ఖండం నుంచి 16వ ఖండం దాకా ఈ మాట 9 సార్లు వస్తుంది. ప్రతిసారీ ముందు 'తత్ సత్యం, స ఆత్మా' అని ఉంటుంది. ఆత్మ పుంలింగం కనుక దానికి 'స' వచ్చింది. తండ్రి ఉద్దాలకుడు ఈ మాట చెబుతున్నది శ్వేతకేతువుకు; అతడూ మగపిల్లవాడే, ఆ లెక్కన 'స త్వమసి' అనాలి. ఉన్నదేమో నపుంసకమైన 'తత్'. 1986లో జోయెల్ బ్రెరెటన్ అనే సంస్కృత పండితుడు సరిగ్గా ఇక్కడ పట్టుకున్నాడు: ఈ తత్ 'అది' కాదు, 'ఆ విధంగా' అన్నాడు. ప్యాట్రిక్ ఒలివెల్ అనువాదం ఆ దారినే నడిచింది. 1879 నాటి మాక్స్ ముల్లర్‌ది మాత్రం మనకు అలవాటైన అర్థమే.

బరంపురం: మాస్టారూ, శంకరుల మాట వదిలేస్తే ఎలా? ఆయనకు తత్ అంటే 'సదేవ సోమ్యేదమగ్ర ఆసీత్' (6.2.1) ('మొదట ఇదంతా సత్తే') అన్నచోటి సత్, అంటే ఉనికి. అది నపుంసకమే, లింగం పేచీ లేదు. మధ్వులు 'ఆత్మా అతత్ త్వమసి', అంటే 'నీవు అది కావు' అని విరిచారు. సవర్ణదీర్ఘం వల్ల చెవికి రెండూ ఒకటే.

పర్లాకిమిడి: అవునండి. సత్ ఎక్కడో 6.2లో ఉండిపోయిందనడానికీ లేదు. 6.8లోనే 'సన్మూలాః సోమ్యేమాః సర్వాః ప్రజాః' (వీటన్నిటికీ సత్తే మూలం) అని మళ్ళీ వచ్చింది. అందుకే నాకు సంప్రదాయార్థమే బలంగా తోస్తుంది. మర్రిగింజలోని కనిపించని సారం నుంచే అంత చెట్టూ నిలిచిందనే చోట (6.12) మాత్రం బ్రెరెటన్ అర్థం చక్కగా అతుకుతుంది, కాదనను. ఏ అర్థం చెప్పినా ఖండం మొదటి నుంచీ చదివి చెప్పాలి. మూడు మాటలు తెంపుకుని వాదించబట్టే ఇంత రభస.

ఛత్రపురం: రాత్రి నీళ్ళలో ఉప్పు వేసి, పొద్దున ఎక్కడ రుచి చూసినా ఉప్పగానే ఉందని చూపే ఉప్పు దృష్టాంతం (6.13) పిల్లలకు చేసి చూపిద్దామంటే చెంబులో సరిగా రావడం లేదు. పొద్దున చూస్తే పైన నీళ్ళు చప్పగానే ఉంటున్నాయి.

పర్లాకిమిడి: లోతు వల్ల బాబూ. ఉప్పునీరు బరువు, కలపకపోతే అడుగునే ఉండిపోతుంది. పైదాకా రావడానికి ఒక్క రాత్రి చాలదు. వెడల్పాటి పళ్ళెంలో ఒక సెంటీమీటరు మందాన నీళ్ళు పోసి, మన హుమ్మ ఊరి ఉప్పు మళ్ళలో పండే కల్లుప్పు ఒక చెంచాడు అక్కడక్కడా వేసి కదపకుండా ఉంచండి. మరీ ఎక్కువ వేయకండి. 100 మిల్లీలీటర్లలో 36 గ్రాములకు మించి కరగదు, మిగిలింది కంటికి కనిపిస్తే దృష్టాంతమే చెడుతుంది. మూలంలో రుచి చూడమన్నది 'అంతాత్, మధ్యాత్, అంతాత్' అని. ముల్లర్ దాన్ని పైన, నడుమ, అడుగున అనుకున్నాడు. ఒలివెల్ ఈ చివర, నడుమ, ఆ చివర అన్నాడు. అంతం అంటే అంచు కాబట్టి ఒలివెల్‌దే సరి, పళ్ళెంలో ఒప్పేదీ అదే.