జపనీస్ నేర్చుకోవడానికి ఎలాంటి కారణం చివరిదాకా నిలుస్తుంది?

ప్రశ్న

అందరికీ నమస్కారం. హిరగానా, కటకానా లిపులు పూర్తిచేసి ఇప్పుడు ఎన్5 స్థాయి (జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్షలో అన్నిటికంటే కింది మెట్టు, పై మెట్టు ఎన్1) పాఠాలు చదువుతున్నాను. నన్ను ఈ భాష వైపు తిప్పింది అనిమే, అంటే జపాన్ యానిమేషన్. పాత్రలు ఒకరితో మర్యాదగానూ మరొకరితో చనువుగానూ మాట్లాడుతున్న సంగతి గొంతులో తెలిసిపోతున్నా, సబ్‌టైటిల్స్‌లో ఆ తేడా ఎక్కడా కనిపించకపోవడంతో అసలు మాటలే అర్థం చేసుకోవాలని పట్టుదల కలిగింది. అయితే నాతోపాటు చదువుతున్నవారిలో ఎక్కువమంది ఉద్యోగం కోసమో, జపాన్‌లో పైచదువుల కోసమో వచ్చినవారు. వారి మధ్య నా కారణం బలహీనమైనదేమో, కంజీ (చైనా నుంచి వచ్చిన అక్షరాలు) పెరిగేకొద్దీ సడలిపోతుందేమో అనే సందేహం వస్తోంది. మీరు దేనికోసం మొదలుపెట్టారు? ఎన్3 దాటేదాకా మిమ్మల్ని నిలబెట్టింది ఏది?

మొదటి సమాధానం

మీ కారణాన్ని తక్కువగా చూడవలసిన పనిలేదండీ. ప్రపంచమంతటా విద్యాసంస్థల్లో జపనీస్ చదువుతున్నవారి వివరాలను జపాన్ భాషా సంస్కృతులను విదేశాల్లో ప్రచారం చేసే జపాన్ ఫౌండేషన్ కొన్నేళ్లకొకసారి సేకరిస్తుంది. 1979లో వారి సంఖ్య సుమారు 1,27,000. 1990 నాటికి అది పది లక్షలకు దగ్గరైంది. అప్పుడు జపాన్ ఆర్థికంగా శిఖరాన ఉంది కాబట్టి అందరూ వ్యాపారం కోసమే నేర్చుకుంటున్నారని అనుకోవడం సహజమే. కానీ ఆ వెంటనే అక్కడి స్థిరాస్తి, షేర్ల ధరలు కుప్పకూలి దేశం సుదీర్ఘమైన మాంద్యంలో పడిన తరువాత కూడా నేర్చుకునేవారు తగ్గలేదు సరికదా, 1998 నాటికి ఆ సంఖ్య 21 లక్షలు దాటింది. 2021లో దాదాపు 38 లక్షలు. ఇంట్లో సొంతంగా నేర్చుకునేవారు ఈ లెక్కలోకి రారు.

2018 నాటి సర్వేలో కారణాల వరుసలో మొదట నిలిచినవి అనిమే, మాంగా (జపాన్ బొమ్మల కథలు), పాటలు వంటివి. ఆ తరువాత భాష మీద ఉన్న ఆసక్తి, ఆ పైన చరిత్ర, సాహిత్యం, కళలు. ఉద్యోగం వాటి వెనకే వచ్చింది. ఇక్కడొక విషయం గమనించాలి. ఆ జవాబులిచ్చినవి విద్యాసంస్థలు, పైగా ఒక్కొక్కటి ఎన్ని కారణాలనైనా ఎంచుకోవచ్చు. అసలు ఒక్క కారణంతోనే నేర్చుకునే మనిషి అరుదని నా అభిప్రాయం.

రెండవ సమాధానం

నేను ఉద్యోగం కోసమే నేర్చుకున్నాను, వృద్ధుల సంరక్షణ రంగంలో పనిచేస్తున్నాను. పై సమాధానంతో ఏకీభవిస్తూనే, అవసరానికి ఉన్న బలాన్ని కూడా గుర్తించాలని కోరుతున్నాను. 2019 ఏప్రిల్‌లో జపాన్ మొదలుపెట్టిన తొకుతేయ్ గినో (నిర్దిష్ట నైపుణ్య కార్మికుల) వీసాకు భాష విషయంలో చాలా రంగాల్లో ఎన్4 గానీ దానికి సమానమైన పరీక్ష గానీ ఉంటే చాలు, సంరక్షణ పనికి మాత్రం ఆ రంగపు భాషా పరీక్ష ఒకటి అదనంగా ఉంటుంది. ఈ గడప దాటగానే చాలామంది పుస్తకం మూసేస్తారు, ఎందుకంటే వారి కారణం అక్కడితో తీరిపోయింది.

అసలు పని ఆ తరువాతే ఉంది. రాత్రి డ్యూటీ దిగేవారు పొద్దున వచ్చేవారికి ఎవరు సగం భోజనమే తిన్నారో, ఎవరు నీళ్లు తక్కువ తాగారో, ఎవరు రెండుసార్లు నిద్రలేచారో, ఎవరి మందు మారిందో కొద్ది నిమిషాల్లో అప్పగించి, అదంతా రికార్డులో రాయాలి. జేఎల్‌పీటీలో మాట్లాడే పరీక్ష లేదు, రాసే పరీక్షా లేదు. కాబట్టి ఎన్2 సర్టిఫికెట్ చేతిలో ఉన్నవారు కూడా ఆ అప్పగింత దగ్గర తడబడవచ్చు. ఆ దేశంలో స్థిరపడాలనుకున్నవారు ఇంకా ముందుకు వెళ్లి, కైగో ఫుకుషిషి అనే సంరక్షణ వృత్తి జాతీయ పరీక్షను జపనీస్‌లోనే రాస్తారు. అది నెగ్గితే వీసాను ఎన్నిసార్లయినా పొడిగించుకోవచ్చు, భార్యాభర్తలూ పిల్లలూ కలిసి ఉండవచ్చు. కుటుంబం కళ్లముందు ఉంటే కంజీ అంత భారమనిపించదు.

మూడవ సమాధానం

పై ఇద్దరూ చెప్పనిది ఒకటుంది: మొదలుపెట్టించిన కారణమే చివరిదాకా రావాలన్న నియమమేమీ లేదు. జపనీస్ సాహిత్యాన్ని ఇంగ్లీషు పాఠకులకు పరిచయం చేసినవారిలో అగ్రగణ్యుడైన డోనాల్డ్ కీన్ 1940లో న్యూయార్క్‌లోని ఒక పుస్తకాల దుకాణంలో పదకొండవ శతాబ్దపు జపనీస్ నవలకు అనువాదం చవకగా దొరికిందని కొన్నారు. ఆ ఇష్టమే ఆయనను భాష దగ్గరకు చేర్చింది. కానీ ఆయన దానిని గట్టిగా నేర్చుకున్నది యుద్ధకాలంలో, అమెరికా నౌకాదళపు భాషా పాఠశాలలో. చనిపోయిన జపాన్ సైనికుల డైరీలు చదవడం ఆయన విధుల్లో ఒకటైంది. తరువాత జీవితమంతా అధ్యాపకత్వంలోనూ అనువాదంలోనూ గడిపి, 2011 భూకంపం తరువాత జపాన్‌లోనే ఉండిపోవాలని నిర్ణయించుకుని, 2012లో ఆ దేశ పౌరసత్వం తీసుకున్నారు. ఒక్క జీవితంలోనే కారణం ఎన్నిసార్లు మారిందో చూడండి.

తెలుగువారికి మరో ఆకర్షణ కూడా ఉంది. అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ ఇంగ్లీషు మాట్లాడేవారికి ఈ భాష కోసం 2,200 తరగతి గంటలు కేటాయిస్తుంది. ఆ అంకె చూసి మనం బెదరనక్కర్లేదు. జపనీస్‌లోలాగే క్రియ వాక్యం చివర రావడం, విభక్తి ప్రత్యయం నామవాచకం తరువాత చేరడం, ‘నిన్న కొన్న పుస్తకం’ అన్నట్టుగానే విశేషణమంతా పుస్తకానికి ముందే కుదురుకోవడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాట్లు. ఈ చుట్టరికమే నన్ను పట్టి ఉంచింది. అయితే నిత్యవ్యవహారానికి నిర్ణయించిన 2,136 కంజీల దగ్గర మనకు ఏ రాయితీ ఉండదు, అక్కడ రోజూ కాస్త చదవడం తప్ప దారి లేదు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ ధన్యవాదాలు. ఉద్యోగపు ఆలోచన ఇప్పటికి నాకు లేదు. మర్యాద, చనువుల తేడా తెలుసుకోవడమే ఈ ఏడాది లక్ష్యంగా పెట్టుకుంటే చదువు ఎలా సాగించాలి?

మూడవ సమాధానం ఇచ్చినవారు

మీకు బాగా తెలిసిన ఒకే సన్నివేశం తీసుకుని, సబ్‌టైటిల్స్ ఆపేసి, ఒక్కొక్క వాక్యం చివర వచ్చే క్రియారూపాన్ని మాత్రమే రాసుకోండి. మర్యాదను చూపే దెసు, మసు రూపాలు ఎవరితో వాడారు, సాదా రూపం ఎవరితో వాడారు, ఒకే పాత్ర కోపం వచ్చినప్పుడు దేనికి మారింది అనేవి పక్కన గుర్తుపెట్టుకోండి. అనిమేలో కొన్ని పాత్రల మాటతీరు బయట ఎవరూ వాడనంత దురుసుగా ఉంటుంది కనుక, అదే సందర్భాన్ని పాఠ్యపుస్తకంలోని సంభాషణతో పోల్చి చూసిన తరువాతే నోటికి అలవాటు చేసుకోండి. పెద్దల పట్ల వాడే కేయిగోను ఎన్4 అయ్యాక మొదలుపెట్టండి, అంతకుముందు క్రియారూపాలు చేతికి రాకపోతే అది నిలవదు.