టెన్త్‌లో 548 వచ్చాయి, ఐటీఐ ఫిట్టర్‌లో చేరతానంటున్నాడు తమ్ముడు. ఏం చేయమంటారు?

ప్రశ్న (అనకాపల్లి అక్క):

మాది అనకాపల్లి దగ్గర పల్లె. నాన్న చెరకు వేస్తారు. తమ్ముడికి ఈసారి టెన్త్‌లో 600కి 548 వచ్చాయి. ఆ రోజు సాయంత్రం నుంచే కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు ఫోన్ల మీద ఫోన్లు. ఒకాయన ఇంటికే వచ్చి, ఎంపీసీలో చేరిస్తే ఫీజులో సగం తగ్గిస్తామని నాన్న ముందు కూర్చున్నాడు. తమ్ముడు మాత్రం ఐటీఐలో ఫిట్టర్ (యంత్రాల భాగాలు చేసి, బిగించే పని) చేస్తానంటున్నాడు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ కూడా రాశాడు, ఆ ర్యాంకుకు మెకానికల్ సీటు రావచ్చు.

వాడిది ఉత్తుత్తి సరదా కాదు. బెల్లం వండే రోజుల్లో మా ఊళ్ళో గానుగ క్రషర్ ఆగిపోతే మెకానిక్ పక్కన చేరేది వాడే. పోయినేడు బేరింగ్ పట్టేస్తే పుల్లర్ (దాన్ని లాగి తీసే పనిముట్టు) వేసి తీసి, కొత్తది నూనెలో వేడి చేసి షాఫ్ట్‌కి ఎక్కించారు. సుత్తితో కొడితే బేరింగ్ పాడవుతుందని, అందుకే వేడి చేస్తారని వాడే నాకు చెప్పాడు.

ఇంట్లో మాత్రం పెద్ద గొడవగా ఉంది. పెద్దనాన్న, 'చదువు రానోళ్ళు పోయే చోటికి మనవాణ్ణి పంపిస్తే ఊళ్ళో ఏమనుకుంటారు, రేపు వాడికి పిల్లనెవరిస్తారు' అన్నారు. ఎవరైనా అడిగితే అమ్మ 'ఇంకా ఏం అనుకోలేదమ్మా' అని మాట మార్చేస్తోంది. అది వాడి ఎదురుగానే. వాడు విని లోపలికి వెళ్ళిపోతున్నాడు. నాకు అన్నిటికంటే బాధగా ఉన్నది అదే.

నేను బీటెక్ సీఎస్ఈ చేశాను, ఈ దారి గురించి నాకేమీ తెలియదు. ఐటీఐకి వెళ్తే పై చదువులకు తలుపులు మూసుకుపోతాయా? పాలిటెక్నిక్ మేలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు (గాజువాక ఫిట్టర్):

అమ్మా, నేను ఐటీఐ ఫిట్టర్ చదివి, స్టీల్ ప్లాంటులో అప్రెంటిస్ చేసి, ఇప్పుడొక ఫ్యాబ్రికేషన్ యూనిట్‌లో మెయింటెనెన్స్ చూస్తున్నాను. కాస్త వివరంగా చెబుతాను.

ఫిట్టర్ రెండేళ్ళ ట్రేడ్. మొదట్లో చేతికి ఇచ్చేది ఒక ఆకురాయి, ఒక ఇనప ముక్క. ముక్కను వైస్‌లో (బెంచీకి ఉండే బిగింపు దవడల్లో) బిగించి రుద్దుతూ ఉండాలి. ట్రై స్క్వేర్ (మూలమట్టం) ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, ఎక్కడ ఎత్తు పల్లం ఉందో అక్కడ సన్నటి వెలుగు గీత కనిపిస్తుంది. ఆ గీత పోయేదాకా రుద్దాలి. అరచేతులు బొబ్బలెక్కుతాయి. చాలామందికి విసుగొచ్చేది ఇక్కడే. ఆ తర్వాత మేల్, ఫిమేల్ ముక్కలు చేసి ఒకదాంట్లో ఒకటి కూర్చోబెట్టాలి. వెర్నియర్ అనే కొలత పరికరం మీద 0.02 మిల్లీమీటరు దాకా చూసి కొలవాలి. డవ్‌టెయిల్ (పావురం తోకలా ఏటవాలు అంచులున్న గాడి) కొలవాలంటే రెండు రోలర్లు పెట్టి ట్రిగనామెట్రీ లెక్క వేయాలి. మీ పెద్దనాన్నగారు 'చదువు రానోళ్ళు' అన్నారే, ఆ లెక్క దగ్గర చదువు లేనివాడు ఆగిపోతాడమ్మా. 548 వచ్చిన పిల్లాడికి అక్కడ చాలా లాభం. అసలు మార్కులు తక్కువొచ్చిన వాళ్ళే వెళ్ళాలని పెద్దవాళ్ళు అనుకున్నంత కాలం ఈ చిన్నచూపు పోదు.

పెళ్ళి సంగతి కూడా చెబుతాను. మధ్యవర్తి నన్ను 'ఇంజినీరింగ్ లైన్ అని చెప్పు, ఐటీఐ అనకు' అన్నాడు. ఫిట్టర్‌ననే చెప్పాను. ఆ సంబంధం తప్పిపోయింది. తర్వాత వచ్చినవాళ్ళు ఉద్యోగం ఎక్కడ, తాగుతాడా, అప్పులున్నాయా అని అడిగారు. అవి అడగాల్సిన ప్రశ్నలే. ఆ ఇంటి అల్లుణ్ణే అయ్యాను.

కష్టం కూడా దాచను. సర్టిఫికెట్ చేతికి రాగానే వచ్చే జీతం తక్కువ. నేరుగా కాంట్రాక్టరు కింద చేరిపోతే ఏళ్ళు గడిచినా అక్కడే ఉండిపోతారు. అందుకే ఐటీఐ తర్వాత అప్రెంటిస్‌షిప్ చేసి, నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ తీసుకోవాలి. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌కు టెన్త్ మీద ఐటీఐ ఉంటే అర్హత ఉంది. ఆ పరీక్ష రెండో దశలో ట్రేడ్ పేపర్ కూడా ఉంటుంది, అందులో 35 శాతం తెచ్చుకోవాలి. అక్కడి నుంచి గూడ్స్, ప్యాసింజర్, మెయిల్ అంటూ లోకో పైలట్‌గా పైకి వెళ్ళొచ్చు.

ఒక జాగ్రత్త. కొన్ని ప్రైవేటు ఐటీఐల్లో హాజరు పుస్తకంలోనే ఉంటుంది, లేత్‌ల (ఇనుమును తిప్పుతూ చెక్కే యంత్రాల) మీద దుమ్ము ఉంటుంది. నాకు తెలిసిన ఒక పిల్లాడు అలాంటి చోట రెండేళ్ళు గడిపి, మైక్రోమీటరు పట్టుకోవడం రాక మా దగ్గర ఇబ్బంది పడ్డాడు. చేరే ముందు వర్క్‌షాపులోకి వెళ్ళి చూడండి. ఎన్సీవీటీ (జాతీయ వృత్తి శిక్షణ మండలి) గుర్తింపు ఆ ట్రేడ్‌కు ఉందో లేదో అడగండి.

జవాబు (పాలిటెక్నిక్ మేడమ్):

నేను మెకానికల్ డిప్లొమా పిల్లలకు పాఠాలు చెబుతాను. పాలిటెక్నిక్‌నీ ఐటీఐనీ ఒకే గాటన కట్టకండి. డిప్లొమా మూడేళ్ళు. ఆ తర్వాత ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరొచ్చు. రైల్వే జూనియర్ ఇంజినీర్‌కు డిప్లొమా అర్హత, దానికి ఐటీఐ చాలదు. ఐటీఐ చేసినవాళ్ళకూ తలుపు మూయలేదు, రెండేళ్ళ ట్రేడ్ పూర్తిచేసి డిప్లొమా రెండో ఏడాదికి రావచ్చు. కాకపోతే అది చుట్టుదారి. పాలిసెట్ ర్యాంకు చేతిలో ఉన్నప్పుడు చుట్టుదారి ఎందుకని నా అభిప్రాయం.

పై ఫిట్టర్ గారి మాటల్లో ఒకటి మాత్రం పూర్తిగా ఒప్పుకుంటాను. మా దగ్గర థియరీ ఎక్కువ, చేతిపని తక్కువ. మీ తమ్ముడికి చేతిపని మీదే మనసుంటే సెలవుల్లో మెషిన్ షాపుకు వెళ్ళి ఆ లోటు పూడ్చుకోవాలి. ఇంకో మాట: ఈసెట్‌తో బీటెక్‌కు వెళ్ళిన మా పిల్లలు చాలామంది మొదట తడబడేది లెక్కల్లోనే. వాడు లెక్కల్లో గట్టిగా ఉంటే ఆ భయం తక్కువ.

జవాబు (కాకినాడ నాన్న):

పదిహేనేళ్ళ పిల్లాడు జీవితం మొత్తానికి ఇప్పుడే తేల్చుకోవాలా? ఇంటర్ రెండేళ్ళు చదివాక కూడా ఐటీఐలో చేరొచ్చు. అప్పటికి మనసు మారొచ్చు. నేనైతే ఎంపీసీలో వేసేవాణ్ణి.

జవాబు (గాజువాక ఫిట్టర్):

సార్, మీరన్నది నిజమే, చేరొచ్చు. కానీ ఇష్టం లేకుండా హాస్టల్లో పొద్దున్నుంచి రాత్రిదాకా స్టడీ అవర్లలో కూర్చున్న పిల్లాడు రెండేళ్ళ తర్వాత ఐటీఐకి వస్తే, ఓడిపోయి వచ్చానని అనుకుంటాడు. అలా వచ్చినవాళ్ళు మా బ్యాచ్‌లో ఉన్నారు, ఏడాదిదాకా ఎవరితోనూ కలవలేదు. ఈ పిల్లాడు ఇప్పుడు ఇష్టంగా వస్తున్నాడు.

అనకాపల్లి అక్క:

అందరికీ కృతజ్ఞతలు. ఈ జవాబులన్నీ అమ్మకు చదివి వినిపించాను. డవ్‌టెయిల్ లెక్క దగ్గర తమ్ముడు వచ్చి కూర్చుని, కాగితం మీద వేసి చూశాడు. చుట్టుదారి ఉందని ఇప్పటిదాకా మా ఇంట్లో ఎవరికీ తెలియదు, అది విన్నాక నాన్న కాస్త మెత్తబడ్డారు. పెద్దనాన్నకు మాత్రం నేనే ఫోన్ చేసి, 'వాడి ఎదురుగా ఆ మాట ఇంకోసారి అనొద్దు' అని చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది, ఫర్వాలేదు.

ఈ వారం నాన్న, తమ్ముడు ట్రైన్‌లో వైజాగ్ వెళ్ళి కంచరపాలెంలో గవర్నమెంట్ పాలిటెక్నిక్, ఐటీఐ రెండూ చూసొస్తారు. పాలిటెక్నిక్ వైపే నా మొగ్గు, కానీ చూసొచ్చాక వాడు ఏది అంటే అదే. ఫిట్టర్ గారూ, వర్క్‌షాపులోకి వెళ్ళినప్పుడు మెషిన్లు నిజంగా నడుస్తున్నాయో లేదో మా నాన్నలాంటి వాళ్ళు దేన్ని చూసి తెలుసుకోవాలి?

జవాబు (గాజువాక ఫిట్టర్):

లేత్ కింద ట్రే చూడమనండి. కొత్త ఇనప పొట్టు ఉంటే నడుస్తున్నట్టు. వైస్ దవడలు అరిగి ఉన్నాయా, బెంచీ మీద పిల్లలు చేసిన జాబ్‌లు (సాధనకు చేసిన ఇనప ముక్కలు) ఉన్నాయా చూడమనండి. సెకండియర్ పిల్లాణ్ణి ఒకణ్ణి పక్కకు పిలిచి, రికార్డులో ఉన్న జాబ్ నువ్వే చేశావా అని అడగమనండి.