ప్రార్థనలో ఒక తమ్ముడికి తగిలేలా మాట్లాడాను. ఇప్పుడేం చేయాలి?

కె.ఆర్.పురం బ్రదర్:

అందరికీ వందనాలు. మాది నరసాపురం దగ్గర ఊరు. బెంగళూరు వచ్చి పదకొండేళ్ళయింది. ఇక్కడ మన తెలుగువాళ్ళం ఇరవై కుటుంబాల దాకా ఉన్నాం. ఆదివారం అద్దె హాల్లో ఆరాధన, బుధవారం ఎవరో ఒకరింట్లో కూడిక.

మాలో ఒక తమ్ముడు క్యాబ్ నడుపుతాడు, మదనపల్లె వైపు నుంచి వచ్చాడు. బాప్తిస్మం తీసుకుని రెండేళ్ళు. ఈమధ్య మళ్ళీ తాగుడు మొదలుపెట్టాడు. వాళ్ళావిడ నా భార్య దగ్గర చెప్పుకుని ఏడిస్తే నాకు తెలిసింది. పోయిన నెల కూడికలో ముగింపు ప్రార్థన నన్ను చేయమన్నారు. చేస్తూ చేస్తూ, "ప్రభువా, రక్షణ పొందామని చెప్పుకుంటూ ఇంకా సీసా వదలనివాళ్ళు మా మధ్య ఉన్నారు, వాళ్ళ భార్యాబిడ్డల కన్నీళ్ళు చూడు" అన్నాను. పేరు ఎత్తలేదు. ఎత్తక్కర్లేదు కూడా, ఆ గదిలో ఉన్న పద్నాలుగు మందికీ అర్థమైంది. ఆమెన్ గట్టిగా వచ్చింది.

కళ్ళు తెరిచేసరికి ఆ చెల్లెమ్మ కొంగు నుదుటి మీదికి లాక్కుని, చాప అంచున ఊడిన పోగు పీకుతూ కూర్చుంది. అతను అప్పటికే గుమ్మం బయట చెప్పులు వెతుక్కుంటున్నాడు. టీ కూడా తాగలేదు. మూడు వారాలుగా ఇద్దరూ రావట్లేదు.

"నువ్వు అన్నదాంట్లో అబద్ధమేముంది?" అంటున్నారు పెద్దలు. కానీ నిన్న లూకా 18లో పరిసయ్యుడు, సుంకరి ఉపమానం (గుడిలో నిష్ఠగల పరిసయ్యుడు తన ఉపవాసం, దశమభాగం చెప్పుకుంటూ 'ఈ సుంకరిలాంటివాణ్ని కాను' అంటాడు, పన్నులు వసూలు చేసే సుంకరి 'పాపిని, కరుణించు' అంటాడు) చదువుతూ, పరిసయ్యుడు "తనలో తాను ప్రార్థించుచుండెను" అన్న చోట ఆగిపోయాను. నేనైతే ఆ రోజు దేవుడితో మాట్లాడలేదు. ఆ గదిలోవాళ్ళతో మాట్లాడాను. పైగా ఇంటికెళ్తూ బండి మీద నా భార్యతో "ఇవాళ ప్రార్థన బాగా వచ్చింది కదా" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. అది గుర్తొస్తే నిద్ర పట్టట్లేదు.

నేను తాగను. శుక్రవారం ఉపవాసం ఉంటాను. జీతం పడిన రోజే దశమభాగం కవర్లో పెట్టి పక్కన పెడతాను. ఇవి మంచివే కదా? మరి తప్పు చేసేవాణ్ని చూసి ఊరుకోవాలా? ఎలా చెప్పాలి?

లింగరాజపురం టీచరమ్మ:

బాబూ, నా సంగతి చెప్తాను. మా కోడలు హిందువుల పిల్ల. పెళ్ళయిన కొత్తలో కుటుంబ ప్రార్థనకి బొట్టు తీసి రమ్మనేదాన్ని. తీసి అద్దం మూలన అంటించి వచ్చేది, ప్రార్థన అవగానే మళ్ళీ పెట్టుకునేది. ఆ అద్దం మీద ఎర్ర స్టిక్కర్లు వరసగా ఉండేవి. వాటిని చూసినప్పుడల్లా నా సాక్ష్యం బలంగా ఉందనుకునేదాన్ని. తర్వాత నాకు మోకాలి ఆపరేషన్ అయింది. నలభై రోజులు బాత్‌రూమ్‌కి తీసుకెళ్ళింది, స్నానం చేయించింది ఆ పిల్లే. సంఘం వాళ్ళు వచ్చి ప్రార్థన చేసి వెళ్ళిపోయేవాళ్ళు. ఆ గిన్నెలు కడిగింది కూడా ఆమే.

ఒకరోజు తనని పిలిచి, "బొట్టు సంగతిలో నిన్ను నొప్పించానమ్మా" అన్నాను. "పర్లేదత్తయ్యా" అని టవల్ అందుకుంది. నువ్వు వాళ్ళింటికి వెళ్ళు. బైబిలు పట్టుకెళ్ళకు, పళ్ళు పట్టుకెళ్ళు.

వేదాంత విద్యార్థి, బెంగళూరు:

అన్నా, మోషే ధర్మశాస్త్రం యూదులందరికీ తప్పనిసరి చేసిన ఉపవాసం ఏడాదికి ఒక్కటే, ప్రాయశ్చిత్త దినాన. ఆ పరిసయ్యుడు వారానికి రెండుసార్లు ఉండేవాడు. అంటే అడిగినదానికంటే ఎక్కువే చేసేవాడు. ఆ రోజుల్లో జనం గౌరవించే మనిషి. సుంకరి రోమావాళ్ళ కోసం పన్ను వసూలు చేసేవాడు. బాప్తిస్మమిచ్చే యోహాను సుంకరులతో "నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దు" అన్నాడంటే వాళ్ళు ఏం చేసేవాళ్ళో తెలుస్తోంది. అందుకే నీతిమంతుడిగా ఇంటికి వెళ్ళింది సుంకరి, తన్ను తాను తగ్గించుకున్నవాడే హెచ్చింపబడతాడు అని ప్రభువు చెప్పినప్పుడు విన్నవాళ్ళకి మింగుడుపడి ఉండదు.

ఇంకో సంగతి. దిదాకే అని తొలినాటి సంఘానికి చెందిన చిన్న పుస్తకం ఉంది. వేషధారులు సోమ, గురువారాల్లో ఉపవాసం ఉంటారు కాబట్టి మీరు బుధ, శుక్రవారాల్లో ఉండండి అని అందులో ఉంది. మన శుక్రవారం ఉపవాసానికి అంత పాత చరిత్ర. ఉపవాసం రోజులు మార్చుకోవడం తేలికే, వేషధారణ మానడమే కష్టం అనిపిస్తుంది నాకు, అది చదివినప్పుడల్లా.

ఊరుకోమని మాత్రం వాక్యం ఎక్కడా చెప్పలేదు. మత్తయి 18:15లో గద్దించమనే ఉంది, కానీ "నీవును అతడును ఒంటరిగానున్నప్పుడు". మత్తయి 7లో కూడా నీ కంట్లో దూలం తీసుకున్నాక సహోదరుడి కంట్లో నలుసు తీయమనే ఉంది. కంట్లో పడినదాన్ని తీసేటప్పుడు ఎదుటివాడు తల కదపకుండా మనల్ని నమ్మాలి కదన్నా.

వైట్‌ఫీల్డ్ నుంచి ఒక చెల్లి:

అన్నా, అందరూ ఆ తమ్ముడి గురించే మాట్లాడుతున్నారు. ఆ అక్క సంగతేంటి? ఆమె మీ భార్యని నమ్మి చెప్పుకుంది. మీరు దాన్ని పద్నాలుగు మందిలో పెట్టారు.

మా నాన్న తాగేవాడు. చిన్నప్పుడు ఒకసారి ప్రసంగంలో ఎవరో ఇలాగే పేరు లేకుండా అన్నారు. సంఘంలో ఎవరు చెప్పారో నాన్నకి తెలుసు. ఆ రాత్రి దెబ్బలు మా అమ్మకి పడ్డాయి. నేను, తమ్ముడు మంచం కింద ఉన్నాం. అమ్మ ఆ తర్వాత ప్రార్థన మనవి అని ఎవరికీ ఏదీ చెప్పలేదు, చనిపోయేదాకా. మీరు తగ్గించుకోవడం గురించి ఆలోచించే ముందు, ఆ రాత్రి వాళ్ళింట్లో ఏం జరిగిందో మీ భార్యని కనుక్కోమనండి. అతన్ని తాగుడు మాన్పించే చికిత్సకి తీసుకెళ్ళాల్సి వస్తే మీ బండి మీద తీసుకెళ్ళండి. తగ్గింపు అంటే నోరు మూసుకోవడమని మాత్రం దయచేసి ఎవరూ అనకండి.

కె.ఆర్.పురం బ్రదర్:

చెల్లీ, నీ మాట చదివి చాలాసేపు ఫోన్ పట్టుకుని అలాగే కూర్చున్నాను. నాకు ఆ ఆలోచనే రాలేదు. నా భార్య ముందు ఫోన్ చేసి మాట్లాడింది. కొట్టలేదట. నాలుగు రోజులు మాట్లాడలేదట, పిల్లాడితో కూడా.

నిన్న సాయంత్రం ఇద్దరం వెళ్ళాం. తమ్ముడు కారు కడుగుతున్నాడు. నన్ను చూసి పైపు కట్టేయలేదు, నీళ్ళు నా కాళ్ళ దాకా వచ్చాయి. "నేను చేసింది ప్రార్థన కాదు తమ్ముడూ, నిన్ను నలుగురిలో కొట్టాను" అన్నాను. చెల్లెమ్మతో "నీ మాట నేను బయటపెట్టాను, క్షమించు" అన్నాను. అతను "సరేలే అన్నా" అన్నాడు, నా వైపు చూడకుండా. తాగుడు మాట నేను ఎత్తలేదు. ఇంకోసారి ఒంటరిగా మాట్లాడతాను, అతను ఒప్పుకుంటే.

బయల్దేరుతుంటే చెల్లెమ్మ గేటు దాకా వచ్చి, "అన్నా, మీరు ఆ మాట అన్నది అక్కడ. క్షమాపణ ఇక్కడ చెప్తే ఎలా?" అంది.

ఈ బుధవారం కూడిక మా ఇంట్లోనే. వాళ్ళిద్దర్నీ రమ్మని అడగలేదు. వాళ్ళు లేకపోయినా, ప్రార్థన మొదలుపెట్టకముందే, కళ్ళు తెరుచుకునే చెప్తాను.